దిమ్యాత్ శిబిరంలో క్రైస్తవ సన్యాసి: అణకువకు ఒక చారిత్రక పరీక్ష

పవిత్ర ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా 82వ ఆయతు క్రైస్తవులను గురించి ఒక విశేషాన్ని ప్రస్తావిస్తుంది. విశ్వాసుల యెడల స్నేహభావంలో వారు తక్కినవారికంటే చేరువగా ఉంటారని చెప్పి, అందుకు కారణాన్ని కూడా తెలుపుతుంది. వారిలో విద్వాంసులూ సన్యాసులూ ఉండటం, వారు అహంకరించకపోవటం ఆ కారణం. వ్యాఖ్యాతలు ఈ ఆయతును సాధారణంగా అబిసీనియా రాజు నజాషీకీ, ఆయన ఆస్థానంలోని క్రైస్తవులకూ అన్వయించి చెబుతారు. అహంకారం లేకపోవటమనే ఈ గుణాన్ని క్రైస్తవులు తమ ధర్మంలో ఏ విధంగా అర్థం చేసుకున్నారు, అధికారం చేతికి వచ్చిన తరువాత దాన్ని ఎంతవరకు నిలుపుకున్నారు అన్నది ముస్లిం పాఠకుడు తెలుసుకోదగిన విషయం. ఇందుకు క్రీ.శ. 1219లో, అనగా హిజ్రీ 616లో, ఈజిప్టులోని దిమ్యాత్ వద్ద జరిగిన ఒక సంఘటన మంచి ఉదాహరణ. శిలువ యుద్ధం జరుగుతూ ఉండగా అస్సీసీ పట్టణానికి చెందిన ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఆయుధం లేకుండా సుల్తాన్ అల్-మలిక్ అల్-కామిల్ శిబిరానికి వెళ్ళాడు.

క్రైస్తవంలో అణకువ

క్రైస్తవులు అణకువను కేవలం ఒక మంచి నడవడిగా మాత్రమే పరిగణించరు. వారి దృష్టిలో దాని మూలం హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) జీవితంలోనే ఉంది. ఆయన తన చివరి రాత్రి భోజన సమయంలో నడుముకు తువాలు చుట్టుకొని శిష్యుల పాదాలు కడిగినట్లు యోహాను సువార్త వర్ణిస్తుంది. పౌలు ఫిలిప్పీ పట్టణంలోని క్రైస్తవులకు రాసిన లేఖలో క్రీస్తు దైవత్వపు ఔన్నత్యాన్ని విడిచి దాసుని రూపం ధరించాడని చెప్పి, విశ్వాసులు కూడా అట్టి మనస్సు కలిగి ఉండాలని బోధించాడు. ఇక్కడ ఇస్లాం మార్గం వేరుపడుతుంది. అల్లాహ్ మానవ రూపం ధరించటమనే భావన తౌహీదుకు విరుద్ధం. ఈ భేదాన్ని దాచటం వల్ల ప్రయోజనం లేదు. అయితే క్రైస్తవుడు అణకువను ఎందుకు అంత ఉన్నతంగా ఎంచుతాడో అర్థం కావాలంటే, అతని విశ్వాసంలో దాని స్థానం ఏమిటో తెలియాలి.

ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే మఠాధిపతి సన్యాసుల కోసం రాసిన నియమావళిలో ఏడవ అధ్యాయం పూర్తిగా అణకువను గురించినదే. అందులో ఆయన దానిని 12 మెట్లుగా విభజించాడు. క్రీ.శ. 604లో మరణించిన పోప్ గ్రెగరీ గర్వాన్ని సకల పాపాలకు మూలంగా పేర్కొన్నాడు. ఇబ్లీసు పతనానికి హేతువు అహంకారమేనని ఖుర్ఆన్ ద్వారా ఎరిగిన ముస్లింకు ఈ మాట కొత్తగా తోచదు.

కాని సిద్ధాంతం ఒకటి, చరిత్ర మరొకటి. పదమూడవ శతాబ్దారంభంలో రోమన్ చర్చి పశ్చిమ ఐరోపాలో మహాశక్తిగా ఉండేది. పోప్ మూడవ ఇన్నోసెంటు రాజులను శాసించగలిగేవాడు. 1213లో ఆయన కొత్త శిలువ యుద్ధానికి పిలుపునిచ్చాడు. 1215లో లాటరన్ మహాసభ దానికి ఏర్పాట్లు చేసింది. శిష్యుల పాదాలు కడిగిన ప్రవక్త పేరుతో సైన్యాలు బయలుదేరాయి.

బట్టల వర్తకుని కుమారుడు

ఫ్రాన్సిస్ 1181లో గాని, 1182లో గాని మధ్య ఇటలీలోని అస్సీసీలో జన్మించాడు. తండ్రి పియెత్రో ది బెర్నార్దోనే సంపన్నుడైన బట్టల వర్తకుడు. యౌవనంలో ఫ్రాన్సిస్ విందులకూ, వేడుకలకూ పేరుపొందాడు. అశ్వవీరుడు కావాలన్నది ఆయన కోరిక. 1202లో అస్సీసీకీ, పొరుగున ఉన్న పెరూజియాకూ జరిగిన యుద్ధంలో పాల్గొని బందీగా చిక్కి, సుమారు ఒక సంవత్సరం చెరలో గడిపాడు. ఆ తరువాత మళ్ళీ యుద్ధానికి బయలుదేరి సగం దారిలోనే వెనుదిరిగాడు.

ఆయన జీవితంలో మార్పు తెచ్చినది కుష్ఠురోగుల సాంగత్యం. అంతకుముందు వారిని చూస్తేనే ఆయనకు అసహ్యం కలిగేది. వారి మధ్యకు వెళ్ళి సేవ చేసిన తరువాత, చేదుగా తోచినదే తనకు తీపి అయిందని మరణానికి కొంచెం ముందు చెప్పి రాయించిన వీలునామాలో ఆయన స్మరించుకున్నాడు. 1206లో తండ్రితో తగవు వచ్చి విషయం బిషప్ ఎదుటికి వెళ్ళినప్పుడు, ఒంటిమీది బట్టలు సైతం విప్పి తండ్రికి అప్పగించి, వారసత్వాన్ని వదులుకున్నాడు.

కొద్దికాలానికి ఆయన చుట్టూ కొందరు చేరారు. 1209 ప్రాంతంలో పోప్ మూడవ ఇన్నోసెంటు వారి జీవన విధానానికి నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. వారు తమను ‘చిన్న సోదరులు’ అని పిలుచుకున్నారు. ఆనాటి అస్సీసీలో ‘పెద్దలు’, ‘చిన్నలు’ అన్నవి రెండు సామాజిక వర్గాల పేర్లు. ఆ రెండు వర్గాల మధ్య 1210లో ఒక ఒడంబడిక కూడా జరిగింది. అట్టి పట్టణంలో ఒక వర్తకుని కుమారుడు తన సంఘానికి ‘చిన్నల’ పేరు పెట్టటం గమనార్హం. అతని భావంలో అణకువ అంటే కేవలం మనసులోని నమ్రత కాదు. ఆస్తి ఉండరాదు, పదవి కోరరాదు, ఇతరులపై పెత్తనం చేయరాదు. సమాజంలో అట్టడుగున ఉన్నవాని స్థానంలో నిలబడాలి.

దిమ్యాత్ ముట్టడి

శిలువ సైన్యాలు 1218 మే నెలలో నైలునది ముఖద్వారం సమీపంలో దిగి దిమ్యాత్‌ను ముట్టడించాయి. ఆగస్టులో నదిలోని గొలుసు బురుజు వారి వశమైంది. అదే నెలలో సుల్తాన్ అల్-ఆదిల్ మరణించాడు. ఆయన కుమారుడు, సుల్తాన్ సలాహుద్దీన్ సోదరుని కుమారుడు అయిన అల్-కామిల్ ఈజిప్టు భారమంతా వహించవలసి వచ్చింది. 1219 ఆరంభంలో సొంత అమీర్ల కుట్ర కారణంగా ఆయన తన శిబిరాన్ని విడిచి వెనుకకు తగ్గవలసి వచ్చింది. సోదరుడు అల్-ముఅజ్జమ్ సిరియా నుండి సాయంగా వచ్చిన మీదట పరిస్థితి చక్కబడింది.

అల్-కామిల్ యుద్ధవీరుడు మాత్రమే కాదు, విద్యాప్రియుడు కూడా. కైరోలో ఇమామ్ షాఫయీ సమాధిపై గుమ్మటం కట్టించినది ఆయనే. 1225లో హదీసు బోధన కోసం ‘దారుల్ హదీస్ అల్-కామిలియా’ను స్థాపించాడు. ప్రతి జుమా రాత్రి ఉలమాలను పిలిపించుకొని వారితో చర్చలు జరిపేవాడని చరిత్రకారుడు మఖ్రీజీ రాశాడు. ఈజిప్టులో క్రైస్తవ ప్రజలూ, వారి మఠాలూ ఉండనే ఉన్నాయి. కనుక సన్యాసి రూపం సుల్తానుకు కొత్తది కాదు.

శిలువ సైన్యంలో పెత్తనం పోప్ ప్రతినిధి కార్డినల్ పెలాగియస్‌ది. ఈజిప్టును విడిచిపోతే జెరూసలెముతో పాటు, కరక్, షౌబక్ కోటలు మినహా, పూర్వపు లాటిన్ రాజ్యంలోని భూభాగాన్ని ఇస్తానని అల్-కామిల్ సంధి ప్రతిపాదన చేశాడు. జెరూసలెం రాజు బిరుదు గల జాన్ ఆఫ్ బ్రియెన్ దీనికి సుముఖంగా ఉన్నాడు. పెలాగియస్ నిరాకరించాడు. ఏ నగరం కోసం యుద్ధానికి పిలుపునిచ్చారో ఆ నగరమే చేతికి వస్తూ ఉంటే కాదనటానికి గెలుపు మీది గర్వం తప్ప మరో కారణం చూపటం కష్టం.

శిబిరంలో సమావేశం

ఫ్రాన్సిస్ 1219లో సముద్రమార్గాన అక్కడికి చేరాడు. అంతకుముందు రెండుసార్లు ముస్లిం దేశాలకు పోవాలని ప్రయత్నించి, ఒకసారి ప్రతికూల వాతావరణం వల్ల, మరొకసారి జబ్బుపడి వెనుదిరిగినట్లు ఆయన జీవిత చరిత్రకారుడు తొమ్మాసో ద చెలానో పేర్కొన్నాడు. ఆగస్టు 29న శిలువ సైన్యం సుల్తాను శిబిరంపై దాడిచేసి ఘోరంగా ఓడింది. దాని తరువాత కొంతకాలం సంధి సంప్రదింపులు నడిచాయి. ఆ రోజుల్లోనే ఫ్రాన్సిస్ తన సహచరుడు ఇల్లూమినాతోతో కలిసి ముస్లిముల శిబిరం వైపు నడిచి వెళ్ళి ఉంటాడని పరిశోధకుల అంచనా.

ఆయన సుల్తానును క్రైస్తవంలోకి తేవాలన్న ఉద్దేశంతోనే వెళ్ళాడు. ప్రాణాలర్పించాలన్న కోరిక కూడా ఆయనకు ఉండెనని చెలానో రాశాడు. శిలువ యుద్ధాన్ని ఆయన ఖండించినట్లు ఆయన రచనల్లో ఎక్కడా లేదు. ఇటీవలి కాలంలో కొందరు ఆయనను మతభేదాలు పాటించని శాంతిదూతగా చిత్రిస్తున్నారు. అది చరిత్ర కాదు. తన విశ్వాసంపై ఆయనకు ఇసుమంత సందేహం కూడా లేదు. అట్టి దృఢవిశ్వాసి ఖడ్గాన్నీ, సైన్యాన్నీ వెనుక వదలి, అవతలివారి దయమీద ఆధారపడి వెళ్ళాడన్నదే ఇందులోని విశేషం.

ఈ సమావేశానికి అతి సన్నిహితమైన సాక్ష్యం అక్కా నగర బిషప్ జాక్ ద విత్రీది. ఆయన శిలువ సైన్యంతోనే ఉన్నాడు, యుద్ధాన్ని సమర్థించినవాడు. 1220లో రాసిన లేఖలో ఆయన చెప్పినది క్లుప్తం. ఫ్రాన్సిస్ శత్రు శిబిరానికి వెళ్ళి కొన్ని రోజులు బోధించాడు. ఫలితం అంతగా లేకపోయింది. అయితే, ఏ ధర్మం దేవునికి ప్రీతికరమో దానిని అనుసరించే భాగ్యం తనకు కలిగేలా ప్రార్థించమని సుల్తాను రహస్యంగా ఆయనను కోరాడు. విత్రీ ఈ చివరి మాటను సుల్తాను మనసు కదిలినదనటానికి గుర్తుగా భావించాడు. కాని ప్రతి ముస్లిం ప్రతి నమాజులోనూ సన్మార్గం చూపమని అల్లాహ్‌ను వేడుకుంటాడన్న సంగతి ఆ బిషప్ గ్రహించలేదు. సుల్తాను నిజంగా అలా అని ఉంటే అది విశ్వాసంలో సడలింపు కాదు. ఒక రాజు ఒక బీద అతిథి ముందు దైవదాసుడుగా మాట్లాడటం మాత్రమే.

తరువాత రాసిన మరొక గ్రంథంలో విత్రీ ఇంకొక విషయం చేర్చాడు. చిన్న సోదరులు క్రీస్తును గురించి చెప్పినంతసేపు ముస్లిములు ఇష్టపూర్వకంగా వినేవారనీ, దైవప్రవక్త (సల్లం)ను నిందించినప్పుడే వారిని కొట్టి తరిమేవారనీ ఆ గ్రంథం తెలుపుతుంది. శత్రుపక్షపు బిషప్ ఇచ్చిన ఈ సాక్ష్యం విలువైనది.

సుల్తాను ఇచ్చిన కానుకలను ఫ్రాన్సిస్ స్వీకరించలేదని చెలానో కథనం. ఆయనకు ఏ హానీ జరగలేదు. క్షేమంగా తిరిగి వచ్చాడు.

యుద్ధం ముగిసిన తీరు

1219 నవంబరు 5న దిమ్యాత్ శిలువ సైన్యం వశమైంది. ముట్టడి కాలంలో ఆకలితోనూ, రోగాలతోనూ పట్టణ ప్రజల్లో అధిక సంఖ్యాకులు మరణించారు. విజయంతో పెలాగియస్ పట్టుదల మరింత పెరిగింది. 1221 జులైలో సైన్యం దక్షిణంగా కదిలింది. అది నైలునదికి వరదలు వచ్చే కాలం. అల్-కామిల్ సోదరులు తమ సైన్యాలతో వచ్చి కలిశారు. ముస్లిములు కాలువల గండ్లు తెరవగా శిలువ సైన్యం అల్-మన్సూరా సమీపంలో బురదనీటి మధ్య చిక్కుకొని ఆగస్టు చివర లొంగిపోయింది. దిమ్యాత్‌ను తిరిగి అప్పగించింది.

ఆ స్థితిలో అల్-కామిల్ వారిని సంహరించి ఉండవచ్చు. ఆయన 8 సంవత్సరాల సంధి చేసుకొని, ఆకలితో అలమటిస్తున్న ఆ సైన్యానికి ఆహారం పంపించాడు. ఆ సైన్యంలోనే ఉన్న జర్మన్ మతాచార్యుడు ఆలివర్ ఈ ఔదార్యాన్ని కొనియాడుతూ రాశాడు. అణకువ ఒక్క సన్యాసికే పరిమితం కాలేదు. గెలిచినవాని చేతిలో కూడా అది కనిపించింది.

ఒక నియమం, దాని గతి

ఈజిప్టు నుండి తిరిగి వచ్చిన ఫ్రాన్సిస్ 1220లో సంఘం నాయకత్వాన్ని విడిచిపెట్టాడు. అదే సంవత్సరం జనవరిలో ఆయన సోదరులు ఐదుగురు మొరాకోలో వధింపబడ్డారు. వారు అంతకుముందు సెవిల్‌లోనూ, తరువాత మొరాకోలోనూ ఇస్లాంను బహిరంగంగా దూషిస్తూ ప్రసంగించినవారు. ఈ విధంగా ఒకే సంఘం నుండి, కొద్ది నెలల తేడాలో, రెండు రకాల రాకలు ముస్లిం దేశాలు చూశాయి.

1221లో ఫ్రాన్సిస్ సిద్ధం చేసిన నియమావళిలో 16వ అధ్యాయం ముస్లిముల మధ్యకు వెళ్ళే సోదరులకు సంబంధించినది. వారు రెండు విధాలుగా ప్రవర్తించవచ్చునని ఆయన నిర్దేశించాడు. మొదటిది, వాదవివాదాలకు దిగకుండా, దేవుని నిమిత్తం ప్రతి మనిషికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని చెప్పుకోవటం. రెండవది, దేవునికి సమ్మతమని తోచినప్పుడు తమ ధర్మాన్ని బోధించటం. బోధను ఆయన మానమనలేదు. కాని దానికి ముందు అణకువను నిలిపాడు. శిలువ యుద్ధాల కాలంలో ఒక క్రైస్తవుడు తన అనుచరులను ముస్లిములకు లోబడి జీవించమనటం సామాన్య విషయం కాదు.

పాలకులకు రాసిన ఒక లేఖలో, ప్రతి సాయంకాలం ఒకరు ప్రకటన చేయగా గాని, మరొక సంకేతం ద్వారా గాని ప్రజలందరూ దేవుని స్తుతించే ఏర్పాటు చేయమని ఆయన కోరాడు. దిమ్యాత్‌లో విన్న అజాన్ ప్రభావం ఇందులో ఉన్నదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఇది రుజువైన విషయం కాకపోయినా, నిరాకరించదగినదీ కాదు.

అయితే ఆ నియమావళికి పోప్ ఆమోదముద్ర లభించలేదు. 1223 నవంబరు 29న పోప్ మూడవ హొనోరియస్ ఆమోదించిన తుది నియమావళిలో, ముస్లిముల మధ్యకు పోదలచినవారు పైఅధికారుల అనుమతి పొందాలన్న నిబంధన మిగిలింది. వివాదం వద్దనీ, లోబడి ఉండాలనీ చెప్పిన మాటలు తొలగిపోయాయి. 1226 అక్టోబరు 3న ఫ్రాన్సిస్ మరణించాడు. రోమ్ నుండి ప్రత్యేక హక్కులు కోరవద్దని ఆయన వీలునామాలో శాసించాడు. 1230లో పోప్ తొమ్మిదవ గ్రెగరీ ఆ వీలునామాకు చట్టబద్ధత లేదని ప్రకటించాడు. సొంత గుడిసె కూడా వద్దన్న మనిషి పేరుతో 1228లోనే అస్సీసీలో ఒక మహాలయానికి పునాది పడింది.

కథ పెరిగిన విధం

దిమ్యాత్ సమావేశపు కథ కూడా ఇదే దారి పట్టింది. 1220 నాటి విత్రీ లేఖలో ఒక సన్యాసి, కొన్ని రోజుల బోధ, ఒక ప్రార్థన మాత్రమే ఉన్నాయి. 1228లో చెలానో దానికి దెబ్బలూ, కానుకలూ చేర్చాడు. 1263 నాటికి సంఘాధిపతి బొనవెంతూరా రాసిన గ్రంథంలో అది అగ్నిపరీక్ష అయింది. సుల్తాను వద్ద ఉన్న ఉలమాలతో కలిసి నిప్పుల్లో ప్రవేశిస్తానని ఫ్రాన్సిస్ సవాలు చేసినట్లూ, అది విని ఒక వృద్ధ విద్వాంసుడు మెల్లగా జారుకున్నట్లూ అందులో ఉంది. అంతకుముందరి ఏ రచనలోనూ ఈ ఘట్టం కనిపించదు. పైగా కాలిన ఇనుము, మరిగే నీరు వంటి పరీక్షలకు మతాచార్యులు ఆశీర్వాదం ఇవ్వరాదని 1215 నాటి లాటరన్ మహాసభ నిషేధించి ఉంది. 1266లో ఆ సంఘం బొనవెంతూరా గ్రంథాన్ని ఉంచి, ఫ్రాన్సిస్‌ను గురించిన పూర్వపు జీవిత చరిత్రలన్నిటినీ నాశనం చేయమని తీర్మానించింది. అస్సీసీ ఆలయం గోడల మీద ఆ అగ్నిపరీక్షే చిత్రంగా నిలిచింది. శతాబ్దాల తరబడి క్రైస్తవులు ఆ సమావేశాన్ని ఆ గోడమీదే చూశారు.

వాదానికి దిగవద్దని రాసిన మనిషి ఈ విధంగా వాదంలో గెలిచిన వీరుడయ్యాడు. గురువు అణకువను కీర్తించటంలోనే శిష్యుల అహంకారం చోటు చేసుకుంది.

ముస్లిం చరిత్రకారులు ఈ సంఘటనను దాదాపు పట్టించుకోలేదు. కైరోలోని ఖరాఫా సమాధులను గురించి పదిహేనవ శతాబ్దంలో ఇబ్నుజ్జయ్యాత్ రాసిన గ్రంథంలో మాత్రం, సూఫీ విద్వాంసుడు ఫఖ్రుద్దీన్ అల్-ఫారిసీకి అల్-కామిల్ కాలంలో ఒక రాహిబ్ విషయంలో జరిగిన ప్రసిద్ధ వృత్తాంతం ఉన్నదన్న సూచన ఉంది. ఆ రాహిబ్ ఫ్రాన్సిసేనని ఫ్రెంచి పండితుడు లూయీ మాసిన్యో ఊహించాడు. ఆ ఊహను అందరూ అంగీకరించలేదు. వచ్చిపోయిన ఒక బీద సన్యాసి ఆనాటి ఆస్థాన చరిత్రకారుల కంటికి ఆనకపోవటంలో ఆశ్చర్యం లేదు.

తరువాతి కాలం

1229 ఫిబ్రవరిలో అల్-కామిల్ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్‌తో 10 సంవత్సరాల ఒడంబడిక చేసుకున్నాడు. జెరూసలెం క్రైస్తవులకు దక్కింది, హరమ్ షరీఫ్ ముస్లిముల అధీనంలో ఉండిపోయింది. ఇరుపక్షాల్లోనూ దీనికి నిరసన వ్యక్తమైంది. పెలాగియస్ రక్తపాతంతో సాధించలేనిది రాయబారంతో లభించినందుకు క్రైస్తవ లోకం సంతోషించలేదు. అందుకు కారణం ఫ్రెడరిక్ అప్పటికే పోప్ చేత బహిష్కృతుడు కావటం.

1965లో రెండవ వాటికన్ మహాసభ ముస్లిములను గౌరవభావంతో ప్రస్తావించిన ప్రకటనను ఆమోదించింది. గత వైరాలను మరచి పరస్పర అవగాహనకు కృషి చేయాలని కోరింది. ఫ్రాన్సిస్ పేరునే స్వీకరించిన పోప్ 2019 ఫిబ్రవరి 4న అబూధాబీలో అల్-అజ్హర్ షేఖ్ అహ్మద్ అత్తయ్యిబ్‌తో కలిసి మానవ సోదరత్వ పత్రంపై సంతకం చేశాడు. దిమ్యాత్ సమావేశానికి అది 800వ సంవత్సరం. 1223లో నియమావళి నుండి తొలగిన మాటలు ఈ కాలంలో ఫ్రాన్సిస్కన్ సోదరుల మధ్య మళ్ళీ ఆదరణతో చదవబడుతున్నాయి.

దిమ్యాత్‌లో సన్యాసి ముస్లిం కాలేదు, సుల్తాను క్రైస్తవుడు కాలేదు. ఇద్దరిలో ఎవరూ తన విశ్వాసాన్ని ఎదుటివాని మెప్పు కోసం తగ్గించుకోలేదు. అయినా ఒకడు ఆయుధం లేకుండా వచ్చాడు, మరొకడు అవమానించకుండా పంపించాడు. విశ్వాసం బలహీనంగా ఉన్నవాడు తగ్గి ఉండటంలో గొప్ప లేదు. తానే సత్యంపై ఉన్నానని దృఢంగా నమ్మేవాడు ఎదుటివాని ముందు ఎలా నిలబడతాడన్నదే అణకువకు అసలు పరీక్ష. ఉత్తమమైన పద్ధతిలో తప్ప గ్రంథప్రజలతో వాదించవద్దని ఖుర్ఆన్ ముస్లిములను ఆదేశిస్తుంది. భూమిపై గర్వంగా నడవవద్దని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితవును వినిపిస్తుంది. మునాజరా సభల్లో ఎదుటివారిని ఓడించిన కథలు మన సముదాయంలోనూ తరతరాలకు పెరుగుతూ వచ్చాయి. బుజుర్గుల వినమ్రతను వర్ణించే పుస్తకాల్లో సైతం వారి చేతిలో పరాభవం పొందిన ప్రత్యర్థుల కథలకు కొదవ లేదు. అట్టి కథలు చదివేటప్పుడు వాటిలో ఆ మహనీయుని మాట ఎంత, తరువాతివారు చేర్చిన గర్వం ఎంత అని విడదీసి చూడటం అవసరం. అస్సీసీ గోడమీది చిత్రాన్ని పక్కన పెట్టి 1220 నాటి లేఖను చదివినప్పుడే దిమ్యాత్‌లో జరిగినదేమో తెలుస్తుంది.